బాద్‌షా తల, బుజ్జమ్మ తోక

నా చేతిరాత గురించి మా ఇంట్లో ఎవరైనా మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది. మాట్లాడకపోతే, మనసులో నవ్వుకుంటున్నారేమోనని ఇంకా మండుతుంది. కోడి గెలికినట్టు ఉందని చిన్నప్పుడు మా టీచరమ్మ అనేది. పాపం, ఆమె కోళ్ళను అవమానించిందని ఇప్పుడనిపిస్తుంది. కోడి గెలికితే ఎంతో కొంత వరస ఉంటుంది. నా అక్షరాలు ఒకటి ఎక్కుతుంటే పక్కది దిగుతుంటుంది. తలకట్లు తలల మీద నిలవకుండా కొమ్ముల్లాగా పక్కకు వంగిపోతాయి.

తమాషా ఏమిటంటే, నేను బతికేది అక్షరాల మీదే. మలక్‌పేటలో ఒక డీటీపీ సెంటర్లో పని చేస్తాను. పెళ్ళి కార్డులు, బోనాల కరపత్రాలు, దుకాణాల రసీదు పుస్తకాలు అన్నీ నా చేతుల మీదుగా పోతాయి. కీబోర్డు ముందు కూర్చుంటే అక్షరాలు చెప్పిన మాట విని బారులు తీరతాయి. పెన్ను పట్టుకుంటే అదే చెయ్యి మొండికేస్తుంది. బ్యాంకులో సంతకం పెట్టాల్సి వచ్చినా అటూ ఇటూ చూసి పెడతాను.

ఈ బెరుకు లీలమ్మ పెళ్ళితో ముదిరింది. లీలమ్మ మా ఆడబిడ్డ, మా ఆయన అంజన్‌కు చెల్లెలు. నేను పురానాపూల్‌లోని ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాదే ఆమె పెళ్ళయి జహనుమాలోని అత్తగారింటికి వెళ్ళింది. డిగ్రీ చదివిన కోడలు వచ్చిందన్న మురిపెంతో, పందిరి ముందు కట్టే థర్మోకోల్ అట్ట మీద పెళ్ళికూతురు పెళ్ళికొడుకుల పేర్లు రాయమని నా చేతికి రంగు డబ్బా ఇచ్చారు. కాదంటే బాగుండదని రాశాను. మగపెళ్ళివారు వ్యాన్ దిగి అది చూసి, ఇంట్లో చిన్నపిల్లలు మంచి హుషారుగా ఉన్నట్టున్నారే అన్నారు. అన్నవాళ్ళు ఆ మాట మరిచిపోయారు గానీ మా ఆయన మరిచిపోలేదు. ఆ అట్ట ఫోటో ఇప్పటికీ ప్రతి పండక్కీ ఫ్యామిలీ గ్రూపులో పెడతాడు. అందరూ నవ్వే బొమ్మలు పంపుతారు. నేనూ ఒకటి పంపి, ఆ పూట ఆయన చాయ్‌లో చక్కెర వెయ్యను.

మాది పాల ఇల్లు. ముందు గదిలో క్యాన్లు, వెనక కొట్టంలో బర్రెలు. మా అత్తమ్మ బాలమ్మ పుట్టింది పాలవాళ్ళింట్లో, మెట్టింది పాలవాళ్ళింట్లో. అక్షరం ముక్క రాదు. అందుకని ఆమె ఎన్నడూ చిన్నబోయింది లేదు. చదువుకోని బర్రె పాలివ్వట్లేదా అని నవ్వేసేది. నేనేమో మలక్‌పేట సర్కారు క్వార్టర్లలో పెరిగినదాన్ని, పాలంటే ప్యాకెట్ అని తెలిసినదాన్ని. కొత్తలో నాకు బర్రెలన్నీ ఒక్క తీరుగా, నల్లగా, నన్నే గుర్రుగా చూస్తున్నట్టు కనబడేవి. చుక్కకు పెట్టాల్సిన దాణా రాణికి పెట్టాను. చుక్క సాధువు కదా అని ధైర్యంగా దగ్గరికి పోతే అది చుక్క కాదు, రాణి. తన్నింది. నేను పేడలో కూలబడితే అత్తమ్మ లేవదీయడం మానేసి కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. తలుపులకు వేయగా మిగిలిన ఎర్రరంగు తెచ్చి, ఏ గుంజకు ఏ బర్రెను కడతారో దాని పేరు ఆ గుంజ పైన గోడ మీద రాసుకున్నాను. చుక్క, రాణి, లచ్చిమి, మల్లి, బుజ్జమ్మ. చివరి మూలన దున్నపోతు బాద్‌షా. కొట్టంలోకి పరాయివాళ్ళు రారు, బర్రెలు నవ్వవు అని నా ధైర్యం.

ఏడాది తిరిగేసరికి నాకు ప్రతి బర్రె దగ్గు కూడా తెలిసిపోయింది. ఆ రాతల అవసరం తీరింది. కానీ ఏటా దీపావళికి గోడకు సున్నం వెయ్యగానే అత్తమ్మ రంగు డబ్బా తెచ్చి నా ముందు పెట్టేది, పేర్లు రాయమని. ఇప్పుడు అన్నీ గుర్తుపడుతున్నాను కదత్తమ్మా అన్నా వినేది కాదు. పాత బర్రె పోయి కొత్తది వస్తే సాయంత్రానికల్లా దాని పేరు గోడెక్కాల్సిందే. కొన్నిసార్లు పోయినదాని పేరే కొత్తదానికి పెట్టేవాళ్ళం, ఇప్పటి బుజ్జమ్మ, బాద్‌షా అట్లా వచ్చినవే. తన్ను తిన్న సంగతి నేను జన్మలో మరిచిపోకూడదని ఈ ముసలమ్మ ఇట్లా కక్ష సాధిస్తోందని పళ్ళు నూరుకుంటూ రాసేదాన్ని.

ఈ ఏడు అత్తమ్మ మోకాళ్ళు మొరాయించాయి. కింద కూర్చుని పాలు పిండొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. పొద్దస్తమానం బర్రెల మధ్య తిరిగిన మనిషి ఇంటి ముందు మంచానికి అతుక్కుపోయింది. లోపల మా ఆయన పాలు పిండుతుంటే ఈవిడ వాకిట్లోంచే చప్పుడు విని, ధార సన్నగా పడుతుంది, బొటనవేలు సరిగ్గా పెట్టు అని గదమాయించేది. కొట్టంలోకి తీసుకుపొమ్మని అడిగేది. అక్కడ కాలు జారితే మళ్ళీ లేవదని భయపడి మేం పోనిచ్చేవాళ్ళం కాదు.

అప్పుడు మా అమ్మాయి అనూహ్య, కాలేజీలో చేరినప్పటి నుంచి ఫోన్‌లోంచి తల ఎత్తనిది, ఒకరోజు తలెత్తి మంచి మాట చెప్పింది. నాయనమ్మకు స్క్రాప్‌బుక్ చేద్దామంది. ఫోటోలు అంటించి, పక్కన చిన్నచిన్న గుర్తులు పెట్టి, నాలుగు మాటలు రాసే లావుపాటి పుస్తకమది. ఎవరి మీద అంటే, ఇంకెవరు, బర్రెల మీదే. మా ఇంట్లో పెళ్ళి ఫోటోల కన్నా బర్రెల ఫోటోలు ఎక్కువ. ఏటా దీపావళి కాగానే సదర్ చేస్తాం. బర్రెలను, దున్నపోతును కడిగి, నూనె రాసి, కొమ్ములకు రంగులేసి, గవ్వల పట్టీలు కట్టి డప్పులతో వీధిలో తిప్పుతాం. ఆ రోజు చుట్టాలంతా మా వాకిట్లోనే ఉంటారు. అందరి ముందూ ఆ పుస్తకం అత్తమ్మ ఒళ్ళో పెట్టాలని తల్లీకూతుళ్ళం అనుకున్నాం.

నాకు ఆ పుస్తకం మీద మస్తు ఆశ పుట్టింది. అత్తమ్మకు ఏది నచ్చినా నోటి నుంచి వచ్చే మాట 'మస్తుగుంది'. ఆ మాట ఆమె బాద్‌షాను అంది, జహనుమా నుంచి లీలమ్మ తెచ్చే ఖుబానీ మీఠాను అంది, వాన పడ్డ సాయంత్రాన్ని అంది. నేను తెచ్చిన చీరకు గానీ, చేసిన కూరకు గానీ 'మంచిగుంది' అనేది. మంచిగుంది అంటే ఆమె లెక్కలో పక్కింటి వాళ్ళ నీళ్ళ చాయ్. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆ 'మస్తుగుంది' నాకు కావాలి.

పుస్తకం చక్కగా కుదిరింది. నల్ల అట్ట కాగితాల మీద ఫోటోలు పెట్టాం. లచ్చిమి పక్కన దాని మెడలో ఉండిన గంట తాలూకు ఎర్రతాడు, మల్లి పక్కన కొమ్ముకు వేసిన వెండిరంగు పెచ్చు, బాద్‌షా పక్కన గవ్వలు కుట్టిన పట్టీ ముక్క. బుజ్జమ్మ తోక వెంట్రుకలు నాలుగు కత్తిరించడానికి అనూహ్య పోయి, అదే తోకతో చెంప దెబ్బ తిని వచ్చింది. ఇక మాటలు రాయడమే మిగిలింది.

చేత్తోనే రాయాలని అనూహ్య పట్టుబట్టింది. చేతిరాత బాగున్నా లేకున్నా సొంత రాత ఉంటేనే అది స్క్రాప్‌బుక్ అని ఫోన్‌లో అమ్మాయిలు చెప్పారట. ఆ అమ్మాయిల వీడియోలు నేనూ చూశాను. నా రాత అస్సలు బాగోదు అంటూ వాళ్ళు రాసే చెడ్డ రాత నాకు ఏడు జన్మలెత్తినా రాదు. చుట్టాలందరి ముందూ మళ్ళీ థర్మోకోల్ అట్ట కథ చెప్పించుకునే ఓపిక నాకు లేదని చెప్పేసి, నా పనేదో నాకొచ్చు కదా అని డీటీపీ సెంటర్లో కూర్చుని, ఉన్నవాటిలో అందమైన అచ్చక్షరాలు ఏరి, పేర్లన్నీ బంగారు రంగులో తీసి, కత్తిరించి అంటించాను. ఖరీదైన పెళ్ళి కార్డుకు తీసిపోదు.

సదర్‌కు ముందే ఒకసారి చూపిద్దామని అత్తమ్మ చేతిలో పెట్టాను. ఆమె చెయ్యి చీరకు తుడుచుకుని పుస్తకం విప్పింది. ఫోటోలు చూసి మొహం వెలిగింది. ఆ తర్వాత వేలు పేర్ల మీదికి జరిపి, ఒక్కో పేరు దగ్గరా ఆగి, కనుబొమలు ముడిచింది. పేజీలు తిప్పేకొద్దీ ఆ వెలుగు తగ్గిపోయింది. చివరికి మూసి, మంచిగుంది అని పక్కన పెట్టి, చాయ్ అడిగింది.

నాకు చాయ్ గిన్నె పొయ్యి మీద కాకుండా నెత్తి మీద పెట్టినట్టయింది. అచ్చు వేస్తే బ్యాంకు క్యాలెండర్ లాగా ఉంది, నాయనమ్మకు ఎట్లా నచ్చుతుందని అనూహ్య నన్నే దులిపింది. సరే, చేతిరాతే కావాలంటే ఈ వంశంలో చేతిరాత ఉన్నది ఒక్క లీలమ్మకే. ఆమె రాస్తే ముత్యాలు పేర్చినట్టుంటుంది. బడిలో బహుమతులు కూడా తెచ్చుకుంది. ఫోన్ చేయగానే రంగు పెన్నులు పట్టుకుని బస్సెక్కి వచ్చింది.

లీలమ్మకు కొత్త బర్రెలు తెలియవు. ఏ ఫోటో ఎవరిదో తెలియడానికి ఒక్కో పేజీలో ఒక చీటీ పెట్టమంది. గబగబా నా చేత్తో పేర్లు రాసి పెట్టాను. లీలమ్మ ఇంటి మనిషి, పైగా చూసి రాసుకున్నాక అవి పారేసేవే కదా అనుకున్నాను. అత్తమ్మ ఫోటో ఉన్న చివరి పేజీలో మాత్రం 'అత్తమ్మ, ఏదైనా మంచి మాట రాయి లీలా' అని పెట్టాను. లీలమ్మ నా అచ్చుముక్కలన్నీ పీకేసి, ఆ చోట తెల్లసిరాతో రాస్తూ పోయింది. చివరి పేజీలో 'మా ఇంటి పాలవెల్లి' అని రాసింది. చూస్తే నాకే కడుపు నిండింది. చీటీలన్నీ ఊడ్చి చెత్తబుట్టలో వేశాను.

అత్తమ్మ మళ్ళీ వేలు పెట్టి చూసింది. మళ్ళీ కనుబొమలు ముడిచింది. చుక్క ఉన్న పేజీ దగ్గర ఆగి నా మొహంలోకి చూసింది.

"గిది చుక్కనేనా?"

వాకిట్లో కూర్చుని పాలధార చప్పుడుతో ఏ బర్రెను పిండుతున్నారో చెప్పే మనిషి, ఫోటోలో ఎదురుగా నిలబడ్డ చుక్కను చుక్కనేనా అని అడుగుతోంది. అవునత్తమ్మా అన్నాను. ఆమె తలూపి, కూతురు నొచ్చుకుంటుందని కాబోలు లీలమ్మ రాత మీద ప్రేమగా చెయ్యి రాసి, మంచిగుంది అంది. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. కొట్టంలోకి పోనివ్వక మేమే ఆమెకు మతిమరుపు తెప్పించామా అని భయపడ్డాను. ఆ 'మస్తుగుంది' రాకపోతే పోయె, ఈమె బాగుంటే చాలనుకున్నాను.

మర్నాడు సదర్‌కు ముందు రోజు. సాయంత్రం పని నుంచి వచ్చి చూద్దును కదా, అత్తమ్మ మంచం మీద స్క్రాప్‌బుక్ తెరిచి ఉంది. పక్కన గిన్నెలో మెత్తగా పిసికిన అన్నం. ఆమె వేళ్ళ నిండా మెతుకులు. లీలమ్మ ముత్యాల మీద నా కోడిగెలుకుడు చీటీలు ఒక్కొక్కటీ అన్నం పూసి అంటిస్తోంది. చెత్తబుట్టలోంచి ఏరినట్టుంది, కొన్ని నలిగి ఉన్నాయి, ఒకదానికి చాయ్‌పత్తా అంటుకుని ఉంది.

నేను అరిచాను. అత్తమ్మ మీద నేను గొంతెత్తింది అదే మొదటిసారి. పాడిబర్రెను ఇచ్చి దున్నపోతును తెచ్చుకున్నట్టు, అంత అందమైన రాత మీద ఈ చెత్త అంటిస్తావా, రేపు అందరూ చూసి నవ్వాలా, చీమలు పడతాయి, లీలమ్మ చూస్తే ఏమనుకుంటుంది అని నోటికొచ్చింది అనేశాను. ఆమె దున్నపోతు మీద వాన పడ్డట్టు కూర్చుని, నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఇంకో చీటీకి మెతుకులు పూసింది.

పుస్తకం లాక్కుందామని వంగాను. వంగిన దాన్ని అట్లాగే ఉండిపోయాను. చుక్క ఫోటో మీద చుక్క చీటీ ఉంది. తిప్పాను. రాణి మీద రాణి. లచ్చిమి మీద లచ్చిమి. ఎప్పుడో పోయిన పాత మల్లి ఫోటో మీద మల్లి. బుట్టలో కలగాపులగంగా పడేసిన చీటీలు. ఒక్కటి తప్పలేదు.

ఇంట్లో అప్పటిదాకా ఎవరూ లేరు. అనూహ్య కాలేజీ నుంచి అప్పుడే వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతోంది. ఎవరు చెప్పారత్తమ్మా నీకు, ఏది ఎక్కడ అంటించాలో అని అడిగాను. ఎవరు చెప్పాలె, రాసి ఉన్నది కదా అంది. నీకు చదువొచ్చా అని అడిగితే, ఆ మాటకు ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"నాకు సదువెక్కడిది బిడ్డా. నాకు నీ రాతొస్తది, గంతే."

తర్వాత మెతుకుల చెయ్యి గాలిలో ఆడిస్తూ అంతా చెప్పింది. పాలు పిండేటప్పుడు చేతులకు పని ఉంటుంది గానీ కళ్ళకేం పని? పొద్దున, సాయంత్రం గుంజ దగ్గర కూర్చుంటే ఎదురుగా గోడ మీద నా ఎర్రరాత. చూస్తూ చూస్తూ ఏది ఎవరో తెలిసిపోయిందట. కొత్త బర్రె వచ్చి కొత్త పేరు పడితే అదో సంబరం. దీపావళికి సున్నం వేస్తే గోడ బోసిపోయి ఆమెకు పొద్దుపోయేది కాదట. అందుకే రంగు డబ్బా తెచ్చి నా ముందు పెట్టేది. నేను పేరు చూసి బర్రెను గుర్తుపట్టడం నేర్చుకుంటే, ఆమె బర్రెను చూసి పేరు గుర్తుపట్టడం నేర్చుకుంది. ఇద్దరం ఒకే గోడ దగ్గర చదువుకున్నాం, ఆ సంగతి నాకు తెలియదు. ఏటా నేను పళ్ళు నూరుతూ రాసింది ఆమె పలక.

మరి అచ్చక్షరాలు, లీలమ్మ ముత్యాలు ఎందుకు నచ్చలేదని అడిగాను.

"గవి అన్నీ ఒక్క తీర్గనే ఉన్నయ్. ఏది చుక్కనో ఏది రాణినో ఎట్ల తెల్వాలె?" అంది అత్తమ్మ. "నీ చుక్క అట్ల గాదు. దాని లెక్కనే కొమ్ము వంగి ఉంటది. నీ రాణి తన్నతందుకు కాలు లేపినట్టే ఉంటది. జూడంగనే ఎరుకైతది."

నిన్న ఆమె వేలు పెట్టింది ఫోటో మీద కాదు, పేరు మీద. ఈ గీతలు చుక్కనేనా అని అడిగింది. నేను రాత్రి అన్నం మానేసి భయపడ్డదంతా దండగైనందుకు నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. ఆమె పక్కన మంచం మీద కూలబడి నవ్వాను. పేడలో పడ్డనాడు ఆమె నవ్విన నవ్వుకు అప్పుడు బదులు తీరింది. అనూహ్య మా ఇద్దరినీ చూసి ముందు హడలిపోయి, సంగతి తెలిశాక నాయనమ్మ మెతుకుల చెయ్యి ముద్దు పెట్టుకుంది.

ఒక్క చీటీ మాత్రం అత్తమ్మ దిండు మీద విడిగా పెట్టింది. చివరి పేజీది. తన ఫోటో పక్కన అంటించేదని ఊహించింది గానీ ఆ మాట ఏమిటో ఎంత చూసినా తెలియలేదట. ఇది గోడ మీద లేదు అంది కొంచెం చిన్నబోయి. నేను ఆ చీటీ మడిచి కొంగున ముడేసుకున్నాను. రేపు రాసిస్తాను అన్నాను.

సదర్ రోజు వాకిలంతా చుట్టాలు. బాద్‌షా గవ్వల పట్టీతో, నెమలీకల కుచ్చుతో పెళ్ళికొడుకు లాగా నిలబడ్డాడు. డప్పులవాళ్ళు చాయ్ తాగుతున్న కాస్త సందులో అత్తమ్మ మంచం మీద కాళ్ళు చాపుకుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అందరినీ పిలిచింది. నేను పాలగిన్నె పట్టుకుని తలుపు చాటుకు తప్పుకున్నాను. మెతుకులు ఎండి చీటీలు అంచుల్లో లేచి ఉన్నాయి. నా అక్షరాలు పట్టపగలు ఊరందరి ముందూ ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి.

ముందుగా చూసింది లీలమ్మ. నా ముత్యాల మీద మెతుకులు పెట్టినవా అమ్మా అని నడుము మీద చేతులు వేసుకుంది. అత్తమ్మ నోరు మూసుకుని వినమని సైగ చేసి, వేలు పెట్టి, పేరు తర్వాత పేరు చదువుతూ పోయింది. చుక్క అని చదివి దాని కథ చెప్పింది. రాణి అని చదివి, నన్ను తన్నిన కథ చెప్పింది. అక్షరం ముక్క రాని బాలమ్మ వేలు పెట్టి చదువుతుంటే వాకిట్లో వాళ్ళంతా మంచం చుట్టూ మూగారు. మా ఆయన ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నవాడు, బొటనవేలితో కళ్ళు తుడుచుకోవడం తలుపు చాటు నుంచి చూశాను. ఎవరో పెద్దమనిషి ముందుకు వంగి, ఇది ఎవరి రాత అని అడిగాడు.

"నా కోడలుది" అంది అత్తమ్మ. "నందినీ, గిట్ల రా. ఆఖరిది రాయలే నువ్వు."

ఎన్నాళ్ళ నుంచో ఏ గడియ రాకూడదని భయపడ్డానో ఆ గడియ వచ్చింది. చుట్టూ అందరూ నిలబడి చూస్తుండగా, లీలమ్మే తన తెల్లసిరా పెన్ను మూత తీసి నా చేతికిచ్చి, రాయి వదినె అంది. అత్తమ్మ ఫోటో కింద, 'మా ఇంటి పాలవెల్లి' అన్న ముత్యాల కింద, నా కోడిగెలుకుడుతో పెద్దగా ఆమె పేరు రాశాను. మూడే అక్షరాలు. మొదటిది ఎక్కింది, రెండోది దిగింది, మూడోది పక్కకు ఒరిగింది. ఎవరైనా నవ్వారేమో, నాకు వినబడలేదు. నేను ఆమె వేలునే చూస్తున్నాను.

అత్తమ్మ వేలు మొదటి అక్షరం మీద పెట్టి చాలాసేపు ఆగింది. తలెత్తి వాకిట్లో కట్టేసిన దున్నపోతు వైపు చూసింది.

"గిది బాద్‌షా తల" అంది. వేలు జరిపింది. "గిది లచ్చిమి తల. గిదేమో బుజ్జమ్మ తోక." వేలు మళ్ళీ మొదటికి తెచ్చింది. "బా. ల. మ్మ."

ఇంకోసారి చదివింది, ఈసారి ఆగకుండా. తర్వాత నా వైపు చూసింది. నా పేరా అని అడిగింది. అవునత్తమ్మా అన్నాను. ఇన్నేళ్ళుగా బర్రెలన్నిటి పేర్లూ రాసి ఆమె పేరు ఒక్కసారైనా రాయలేదు నేను. తెల్లసిరా ఆరీ ఆరకముందే ఆమె దాని మీద చెయ్యి పెట్టేసింది. మరక పడింది, పడితే పడనీ.

"మస్తుగుంది" అంది.

నాకు ఆ మాట మీద ఎంత ఆశ ఉండిందో అది విన్నాక గానీ తెలియలేదు. పాలగిన్నె ఎవరి చేతిలో పెట్టానో గుర్తులేదు. డప్పులు మళ్ళీ మొదలయ్యాయి. బాద్‌షా ముందు కాళ్ళు పైకెత్తి నిలబడితే జనం ఈలలు వేశారు. ఆ గోలలో మా ఆయన ఫ్యామిలీ గ్రూపులో ఆ పేజీ ఫోటో పెట్టాడు. థర్మోకోల్ అట్ట ఫోటో ఈ పండక్కి రాలేదు. సాయంత్రం ఆయన చాయ్‌లో రెండు చెంచాల చక్కెర వేశాను.

తెల్లారి బర్రెల కొమ్ముల రంగులు కడుగుతుంటే అత్తమ్మ కొట్టంలోకి తీసుకుపొమ్మని మళ్ళీ అడిగింది. ఈసారి కాదనలేదు. నేనొక చెయ్యి, అనూహ్య ఒక చెయ్యి పట్టుకున్నాం. పీట వద్దని, వీపు ఆనించే కుర్చీ వేసి గోడకు ఎదురుగా కూర్చోబెట్టాం. ఆమె ఒక్కో పేరూ చూసుకుంటూ పోయి, బాద్‌షా గుంజ పక్కన ఖాళీగా ఉన్న తెల్లసున్నం దగ్గర ఆగింది. రంగు డబ్బా ఎక్కడుందని అడిగింది. ఎందుకని నేను అడగలేదు. ఎర్రరంగు తెచ్చి, ఆ ఖాళీలో, ఎవరైనా చూస్తున్నారా అని వెనక్కి తిరక్కుండా, కుంచె నిండా ముంచి రాశాను.

అత్తమ్మ కుర్చీలో వెనక్కి వాలి చదువుకుంది. చదువుకుని నవ్వింది, నేను పేడలో పడ్డ రోజు నవ్విన నవ్వే.

"ఇగ ఫికర్ లేదు బిడ్డా" అంది. "నన్ను గూడ గుర్తువడతవు."